జారుడుబండ పెట్టిన బోర్డు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. జారుడుబండ ఇల్లెక్కడ అంటే పాలప్యాకెట్లు వేసే మనిషి కూడా చూపిస్తాడు. మొహం మీదే అలా పిలిస్తే కోపం రాదా అంటే, కోపగించుకోవాలన్నా మనిషికి ఒకచోట నిలబడే గుణం ఉండాలి. ఆయనలో అది మచ్చుకైనా లేదు.

చూడటానికి మాత్రం ముచ్చటగానే ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు, జేబులో పెన్ను. ఎవరు ఏమడిగినా కాస్త ముందుకు వంగి, చేతులు నులుముకుంటూ "తప్పకుండానండీ" అంటాడు. ఆ మాట నీళ్ళ మీద రాత. ఒకసారి పిన్నీ, మేనత్తా ఒకే ఆదివారం భోజనానికి రమ్మన్నారు. ఇద్దరికీ తప్పకుండానండీ అన్నాడు. రెండిళ్ళలోనూ కంచాలు పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటే, ఈయన బస్టాపులో కూర్చుని బన్ను తిన్నాడు. ఒకరికి రానని చెప్పడం కంటే ఇద్దరికీ ఎగ్గొట్టడమే మర్యాద అనిపించింది ఆ బుర్రకు. క్షవరం చేసే మనిషి చెవి పక్కన చెయ్యి జారి బోడి చేసి పెడితే, అద్దంలో చూసుకుని భేషుగ్గా ఉందని చెప్పి వచ్చి, జుట్టు మొలిచేదాకా టోపీ తీయలేదు. ఇంట్లో భార్య "చెప్పడానికి నోరెక్కడికి పోయిందండీ?" అని అడిగితే, ఆ ప్రశ్నకు కూడా జవాబు చెప్పకుండా స్నానాల గదిలోకి వెళ్ళిపోయాడు.

ఇలాంటివాడికి వడ్రంగి షెడ్డులో కొలువు. అన్న పోయాక ఆ షెడ్డును వదిన నెత్తికెత్తుకుంది. చెక్క వాసన చూసి పచ్చిదో ఎండిందో చెప్పగలదు, అరిచిందంటే రంపం కూడా ఆగుతుంది. మంచాలు, బీరువాలు, బల్లలు చేసేది మేస్త్రి. వచ్చినవాళ్ళతో మాట్లాడటం, కొలతలు రాసుకోవడం, ఎప్పటికి ఇస్తామో చెప్పడం, ఆలస్యమైతే ఆ సంగతి ముందుగా తెలియజేయడం మరిదిగారి పని. ఆ చివరిది ఒక్కటి తప్ప అన్నీ చేసేవాడు. ముందు గుమ్మంలో చెప్పుల చప్పుడు వినబడితే చాలు, వెనక తలుపులోంచి పొట్టు బస్తాల మీదుగా సందులోకి దూకేవాడు. తిట్లు తినేది మేస్త్రి. మేకు కొట్టమంటే కొడతాడు గాని, గడువు చెప్పిందెవరో, తిట్లు తింటున్నదెవరో ఆయనకీ తెలుసు.

అలా ఉండగా కంప్యూటర్లో ఒక బోర్డు సంగతి తెలిసింది జారుడుబండకు. తెర మీద నిలువు వరసలుంటాయి. చేయాల్సినవి, చేస్తున్నవి, ఆలస్యం, తయారు. ఒక్కో పనికి ఒక్కో చీటీ. పని ముందుకు నడిచిన కొద్దీ చీటీని పట్టి పక్క వరసలోకి లాగాలి. అంతే. అందులో తప్పేమీ లేదు, బుద్ధున్నవాడి చేతిలో పడితే పనికొచ్చేదే. ఈయన రోజంతా ఆ చీటీలకు రంగులు మార్చుకుంటూ కూర్చునేవాడు.

"ఏమయ్యా మరిదీ, అవి జరిపే టైములో ఒక ఫోన్ చేసెయ్యొచ్చుగా?" అంది వదిన.

"అది పాతపద్ధతి వదినా."

"నోరెప్పుడు పాతబడిందయ్యా?"

ఈ బోర్డును ఇంకోదానికి తగిలించవచ్చని తెలిసిన రోజున మాత్రం ఆయనకు అన్నం సహించలేదు, అంత ఆనందం. ఇక్కడ ఇది జరిగితే అక్కడ అది చెయ్యి అని ఒక్కసారి చెప్పి పెడితే చాలు, మనిషి చెయ్యి పడకుండా తనే చేసుకుపోయే ఏర్పాటు. ఆటోమేషన్ అంటారు. చీటీ 'తయారు'లో పడితే, వచ్చి తీసుకెళ్ళమని కస్టమరుకు సందేశం దానంతటదే వెళ్తుంది. 'ఆలస్యం'లో పడితే, కొంచెం ఆలస్యమవుతోంది మన్నించమని వెళ్తుంది. నోరు తెరవక్కర్లేదు, ఎవరి గొంతూ వినక్కర్లేదు. ఇన్నేళ్ళూ సందులోకి దూకి మోకాళ్ళు అరగ్గొట్టుకున్నందుకు తనమీద తనకే జాలేసింది.

కూర్చుని రెండింటినీ కలిపాడు. బోర్డు చూడటానికి అనుమతి ఇస్తారా అని అడిగిందది. ఇచ్చాడు. కస్టమర్ల నంబర్లు చూడవచ్చా అంది. చూసుకోమన్నాడు. మీ తరఫున వాళ్ళకు సందేశాలు పంపవచ్చా అంది. అక్కడ ఆయనకు కళ్ళు చెమర్చినంత పనైంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన తరఫున మాట్లాడతానని ముందుకొచ్చింది అదొక్కటే. పరీక్ష కోసం భార్య నంబరుతో ఒక ఉత్తుత్తి చీటీ చేసి 'తయారు'లోకి లాగాడు. షెడ్డు పైనే ఇల్లు. కాసేపటికి ఆవిడ మెట్ల మీదనుంచి ఫోన్ ఊపుతూ కేకేసింది.

"మీ వస్తువు తయారైంది తీసుకెళ్ళండని వచ్చిందండీ! ఏ వస్తువు? మీరేనా? మిమ్మల్ని మళ్ళీ తెచ్చుకోవాలా?"

మేస్త్రి చిత్రిక పక్కన పెట్టి మరీ నవ్వాడు. జారుడుబండకు అవేమీ చెవికెక్కలేదు. సందేశం చేరింది, అది చాలు.

ఇంతవరకైతే పోనీలే అనుకోవచ్చు. కానీ సందేశం అందుకున్నవాళ్ళు ఊరుకోరు కదా, తిరిగి ఏదో ఒకటి అడుగుతారు. పరువుగలవాడైతే ఆ జవాబులు తన ఫోనుకు వచ్చేట్టు పెట్టుకుంటాడు. ఈయన ఏం చేశాడు? వచ్చిన ప్రతి జవాబునూ బోర్డు చివర కొత్తగా చేర్చిన వరసలో పడెయ్యమన్నాడు. పంపినవాళ్ళకు అప్పటికప్పుడు ఒక మాట వెళ్ళిపోవాలన్నాడు. ఏం మాట వెళ్ళాలో రాయమని ఖాళీ గడి చూపిస్తే ఆలోచించనైనా లేదు, వేళ్ళే రాసేశాయి. తప్పకుండానండీ. ఆ తరవాత ఆ చివరి వరసలో ఎర్రచుక్కలు కనబడితే గుండె దడగా ఉందని, వరసనే మడతపెట్టి కనబడకుండా చేశాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ పిల్లి కళ్ళు మూసుకోవడానికి యంత్రాన్ని పెట్టుకుంది.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. కాలు మీద కాలేసుకుని టీ తాగేవాడు. "పద్ధతి అంటే ఇదీ మేస్త్రీ" అనేవాడు. బల్లకో కుర్చీకో ఆలస్యమైతే జనం గొణుక్కుని ఊరుకునేవారు.

అప్పుడొచ్చింది టీచరమ్మ. వాళ్ళమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది, ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పటికి ఎత్తయిన మంచం ఉండాలన్నారు డాక్టర్లు. కిందకు వంగి కూర్చుంటే పెట్టిన ఎముక కదిలిపోతుందట. తలవైపు పైకి లేచేట్టు ఇనుప చట్రం, పక్కన పట్టుకోవడానికి కమ్మీ కూడా కావాలి.

"శుక్రవారం అమ్మని పంపేస్తారండీ. ఆ రోజుకి ఖాయంగా ఇవ్వగలరా? లేదంటే లేదనండి, వేరే చూసుకుంటాను" అంది టీచరమ్మ.

అంత తేలిగ్గా, అంత మర్యాదగా 'లేదు' అనే అవకాశం ఆయనకు జన్మలో ఎవరూ ఇవ్వలేదు. ముందుకు వంగాడు, చేతులు నులిమాడు, అనాల్సిన మాటే అన్నాడు.

చెక్కపని మేస్త్రి ఎప్పుడో ముగించాడు. ఇనుప చట్రం చేసే వెల్డరు మాత్రం బుధవారం ఫోన్ చేసి, మిషను కాలిపోయింది, వచ్చేవారం దాకా ఆశ పెట్టుకోవద్దన్నాడు. అబద్ధం చెప్పలేదు, దాచలేదు, పాపం. ఫోనెత్తి టీచరమ్మకు ఆ ఒక్క ముక్క చెబితే కథ అక్కడితో సరి. జారుడుబండ ఆమె నంబరు వైపు చూశాడు. ఆమె గొంతు ఎలా మారుతుందో ఊహించుకున్నాడు. చీటీని పట్టి 'ఆలస్యం'లోకి లాగి, నీళ్ళు తాగి, చెప్పేశానని తనకు తనే చెప్పుకున్నాడు. ఆ మాట తను నమ్మాడు కూడా. అదీ ఆయన దౌర్భాగ్యం.

వదినకు గాని, మేస్త్రికి గాని ఒక్క మాట చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు ఫోను మోగింది. ఎత్తింది వదిన.

"మంచం ఎక్కడిదాకా వచ్చిందండీ?" టీచరమ్మ గొంతు రొప్పుతోంది. "అమ్మ వ్యానులోనే పడుకునుంది. ఇంటి ముందే ఉన్నాం."

"మంచమేంటమ్మా? చట్రం రాలేదుగా ఇంకా."

అవతల టీచరమ్మ గొంతు తగ్గించి అంది. "మరి తప్పకుండా అన్నారు కదండీ? నేను రెండు మూడుసార్లు అడిగాను."

వదిన కళ్ళు షెడ్డంతా తిరిగాయి. జారుడుబండ అప్పటికే పొట్టు బస్తాల దాకా చేరాడు.

"మేస్త్రీ! వెనక తలుపు గడియ పెట్టు!"

మేస్త్రి గడియ పెట్టి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంత సంతోషంగా ఆయన ఏ పనీ చేసి ఉండడు.

వదిన కంప్యూటరు ముందు కూర్చుని, మడతపెట్టిన వరస విప్పించి, చదువుతూ పోయింది. ఎంత ఆలస్యమండీ, శుక్రవారం లోపు వస్తుందా, అని టీచరమ్మ. తప్పకుండానండీ. ఆసుపత్రివాళ్ళు తమ మంచం ఒకటి వాడుకోమంటున్నారు, వద్దని చెప్పెయ్యనా, అని టీచరమ్మ. తప్పకుండానండీ. చెప్పేశాను, మీ మాట మీదే ఉన్నాను, అని టీచరమ్మ. తప్పకుండానండీ.

"ఏమిటయ్యా ఇది?"

"నేను కాదు వదినా. అదంతా ఆటోమేషన్. దానంతటదే..."

"దానికా మాట నేర్పిందెవరు?"

ఆయన నేల చూశాడు. నేల మీద రంపంపొట్టు తప్ప సాయం చేసేదేమీ లేదు.

"ముసలావిడ ఎముక విరిగి వీధిలో పడుకునుంది. నువ్విక్కడ మిషను మీద తోసేస్తున్నావు. మనిషివేనా? మా ఆయన నీకు తినబెట్టింది అన్నమేనా, ఇంకేమన్నానా?"

గొడవ విని మెట్లు దిగొచ్చింది భార్య. సంగతి తెలుసుకుని, మొగుడి వైపు చూడనైనా చూడకుండా అంది. "మేస్త్రీ, పైకి రా. మా మంచం దించు. కాళ్ళకింద దిమ్మలు కొడితే ఎత్తవుతుందా?"

"అవుతుందమ్మా. బలంగానే ఉంటుంది. కమ్మీ కూడా పక్కన బిగించేస్తా. తల ఎత్తడానికి దిండ్లే."

"మరి మనం..." అన్నాడు జారుడుబండ.

"నేను పిల్లల గదిలో పడుకుంటాను. మీ సంగతి మీ ఆటోమేషన్ని అడగండి."

మేస్త్రి దిమ్మలు కోసి కొట్టాడు, సామాన్ల ఆటోలో మంచం ఎక్కించారు. వదిన మరిదిని కూడా దానిమీదే కూర్చోబెట్టి పంపింది, దిగి పారిపోకుండా మేస్త్రిని పక్కన పెట్టి మరీ.

టీచరమ్మ ఇంటి ముందు వ్యాను తలుపు తెరిచి ఉంది. లోపల స్ట్రెచరు మీద పెద్దావిడ, ఎండకు మొహం మీద చీరకొంగు వేసుకుని. టీచరమ్మ మెట్లు దిగి ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. తిట్టలేదు. తిడితే ఆయనకు అలవాటే, తల వంచుకుని విని జారుకునేవాడు. ఆమె ఊరికే చూస్తూ నిలబడింది.

"అది... సిస్టమ్‌లో చిన్న పొరపాటు వల్ల..." అని మొదలుపెట్టాడు. మేస్త్రి గట్టిగా దగ్గాడు. "...వెల్డరు బుధవారమే చెప్పాడండీ. నేనే మీకు చెప్పలేదు."

"ఎందుకని?"

అలవాటుగా ముందుకు వంగి చేతులు నులిమాడు. ఎందుకో తెలిస్తే ఆ మనిషి అలా బతికేవాడే కాదు.

వ్యానులోంచి పెద్దావిడ కొంగు తొలగించి అడిగింది. "ఎవరే ఆయన?"

"మంచం చేసేవాళ్ళ మనిషమ్మా."

"అయితే అక్కడ ఉపన్యాసమేంటి? ఆ మంచం కాళ్ళవైపు పట్టుకోమను. నడుం పడిపోతోంది ఇక్కడ."

పట్టుకున్నాడు. చొక్కా ఇస్త్రీ నలిగింది. గుమ్మంలో చెయ్యి నలిగితే అమ్మా అన్నాడు గాని, వదల్లేదు. మేస్త్రి వదలనివ్వలేదు అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

తరవాతి వారం చట్రం వచ్చింది, అసలు మంచం పూర్తయింది. ఈసారి వదిన కంప్యూటరు తెర మూసి, ఫోను ఆయన చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన చెమటలు తుడుచుకుంటూ టీచరమ్మకు సంగతి చెప్పాడు. అవతల ఆమె ఎవరినో అడిగి వచ్చి, అక్కర్లేదండీ అంది. అమ్మకు ఆ మంచమే అలవాటైపోయిందట, నిద్ర బాగా పడుతోందట, ఎవరు కదిలించినా ఊరుకోనంటోందట.

దాంతో తల లేచే చట్రంతో, పక్కన కమ్మీతో, ఆసుపత్రి మంచం లాంటి ఆ మంచం షెడ్డు మీది ఇంట్లోకే ఎక్కింది. భార్య దాన్ని ఒకసారి చుట్టూ తిరిగి చూసి, పిల్లల గదిలోంచి రానంది. నేలనుంచి అంత ఎత్తు ఎక్కడానికి జారుడుబండకు కాలందదు. కిటికీ చువ్వ పట్టుకుని, మోకాలు ఆనించి, కప్పలా ఎగిరి పడుకుంటున్నాడు. ఒక స్టూలు చేసి పెట్టమని మేస్త్రిని అడిగాడు. రోజూ పొద్దున్నే కిందకు దిగి, ఎంతవరకు వచ్చిందని వాకబు చేస్తున్నాడు. మేస్త్రి చిత్రిక ఆపి, తలెత్తి, ఆయన మొహంలోకి సూటిగా చూసి చెబుతున్నాడు.

"మొదలే పెట్టలేదు సారూ. ఈ నెల అవ్వదు."