ఫ్రీ సాయిల్ మీద నా ఉపన్యాసం

నా నోటికి తాళం వేసి, తాళంచెవి సముద్రంలో పారేయాలని మా ఆయన మురళి ఎప్పటినుంచో అంటుంటారు. ఈ కంగారూల దేశంలో మేముండే ఊరు వెర్రిబీ. అక్కడి లైబ్రరీలో జరిగిన ఘోరం వింటే మీరూ ఆయన పక్షమే చేరతారు. చేరండి, నాకేం కొత్త కాదు.

మా బుక్ క్లబ్ నడిపే మార్గరెట్ గారు రిటైరైన టీచరమ్మ. ఆ నెల ఆవిడ ఇచ్చిన పుస్తకం అమెరికా పడమటి మైదానాల్లో కొత్తగా ఊళ్లు కట్టుకున్నవాళ్ల కథ. ఇటుకంత లావు. "చర్చ ఎవరు మొదలుపెడతారు?" అనగానే లేచిన చెయ్యి నాది. ఎందుకు లేచిందో దాన్నే అడగాలి.

చర్చ రోజు కార్లో మురళి అడిగారు. "బుక్ పూర్తిచేశావా?"

"అట్ట వెనక చదివానండీ. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదూ?"

"అన్నం కాదే బాబూ, అది నవల!"

"మీరు డ్రైవింగ్ చూసుకోండి."

ఫ్రీ సాయిల్ కోసం ఇరుగుపొరుగువాళ్లు ఒకరి ఇళ్లొకరు తగలబెట్టుకున్నారట. అట్ట మీద ఉన్నదంతే. మా కొత్త కాలనీల్లో పునాదులు తవ్వినవాళ్లు మట్టి కుప్పపోసి 'ఫ్రీ సాయిల్' అని బోర్డు పెడతారు, ఊరికే పట్టుకుపొమ్మని. మరి నన్నేమనుకోమంటారు?

లైబ్రరీలో అందరూ కూర్చోగానే గొంతు సవరించుకున్నాను. "ఉత్తినే వచ్చే మట్టికి ఇంత గొడవెందుకండీ? మా కరివేపాకు మొక్కకి రెండు ట్రైలర్ల మట్టి తెచ్చుకున్నా. ఎవరూ కొట్టుకోలేదే!"

మార్గరెట్ గారు కళ్లద్దాలు తీశారు. "డియర్, ఫ్రీ సాయిల్ అంటే బానిసలు ఉండకూడని నేల. బానిసల్ని తెచ్చుకుంటామని సగంమంది, వద్దని సగంమంది. కొట్టుకున్నది అందుకు."

మనుషుల్ని కొని అమ్మిన పాపం గురించి చెప్పమంటే కరివేపాకు గురించి చెప్పానన్నమాట! కార్పెట్ చీలితే దూరిపోదామని చూశాను. చీలలేదు.

అప్పుడు పగలబడి నవ్వింది జూన్ ఆంటీ. ఈ ప్రాంతపు ఆదిమవాసుల్లో పెద్దావిడ, అందరికీ ఆంటీయే. "అమ్మాయి కరెక్టుగానే అంది మార్గరెట్! ఇక్కడికొచ్చిన తెల్లవాళ్లూ ఫ్రీ సాయిల్ అనే అనుకున్నారు. బోర్డు మాత్రం మేం పెట్టలేదు. ఆ అమెరికా నేలైనా అసలు ఎవరిదో, కొట్టుకున్నవాళ్లలో ఒక్కరైనా అడిగారా?"

ఎవరూ నవ్వలేదు. టీ చల్లారిపోయినా చర్చ ఆగలేదు. చివర్లో మార్గరెట్ గారు నా భుజం తట్టారు. "ఎంత లోతైన పాయింట్ తెచ్చావు! వచ్చే నెలా నువ్వే."

చచ్చానురా దేవుడా!

బయట జూన్ ఆంటీ చేతిలో చెయ్యేసి ప్రమాణం చేశాను. "ఆఖరి పేజీ దాకా చదవకుండా ఈ జన్మలో ఏ పుస్తకం గురించీ నోరెత్తను ఆంటీ. ఇది ఒట్టు!"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేనూ చదవలేదమ్మాయ్. మాకు తెలిసిన కథేగా!"