చిలుము పట్టిన తీగ

కెనడాలోని థండర్ బేలో కారు వైరింగ్ అంతుచిక్కకపోతే మెకానిక్కులు చివరికి రెయినో లాటినెన్ దగ్గరికే తోలేవారు. మా గ్యారేజీలో ఇంజను పని నాది, కరెంటు పని అతనిది. మనిషి మితభాషి. చేతులు వణకడం మొదలైన సంగతి నాకూ చెప్పలేదు. కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకోవడం చూసి నేనే గ్రహించాను.

మంచు కరిగి, చలికాలమంతా దాని కోసం రోడ్ల మీద చల్లిన ఉప్పు బురదయ్యే రోజుల్లో ఒడెట్ ప్రూనో తన కారు తెచ్చింది. పక్క సీట్లో ఆమె భర్త లూసియాన్. రేవులో ధాన్యం గోదాములో పనిచేసి రిటైరైనవాడు, పక్షవాతంతో కుడి పక్క పడిపోయింది. ఆ కారు ఇనుప స్ప్రింగుల మీద కాదు, గాలి నింపిన రబ్బరు తిత్తుల మీద నిలబడుతుంది. మీట నొక్కితే కిందికి వంగుతుంది. అలా వంగితేనే లూసియాన్ చక్రాల కుర్చీలోంచి సీట్లోకి జరగగలడు. ఎత్తి కూర్చోబెట్టే బలం ఒడెట్‌కి లేదు.

ఇప్పుడది ఎవరూ మీట నొక్కకుండానే ఎడమ పక్కకు కూలబడుతోంది. ఒకసారి కూలబడితే లేవదు.

"తిత్తి మార్చారు, కంప్రెసర్ మార్చారు. ఇక మార్చడానికి నేనే మిగిలాను," అన్నాడు లూసియాన్, నాలుక మడతపడుతుండగా.

"నీకు స్పేరు దొరకదులే," అంది ఒడెట్. తర్వాత రెయినో వైపు తిరిగి, "రేవులో మంచు విడిచి మొదటి ఓడ వచ్చేలోపు అవుతుందా? ఏటా చూస్తాడు," అని అడిగింది.

రెయినో తిత్తుల మీద సబ్బునీళ్లు పోశాడు. ఒక్క బుడగ లేవలేదు. గాలి పోవడం లేదు; అంటే తప్పు కరెంటులో ఉంది. చక్రం పక్కన కారు ఎత్తు కొలిచే చిన్న సెన్సారు, దాని నుంచి సీటు కింది కంట్రోల్ పెట్టెకు తీగలు. తీగకు మీటరు పెడితే కరెంటు నిండుగా చూపించింది. అదే తీగకు బల్బు తగిలిస్తే మిణుకుమని ఆరిపోయింది.

"చూడ్డానికి ఉంది. బరువు మోయమంటే లేదు," అన్నాడు నాతో.

తీగ తొడుగు చీల్చాడు. లోపల రాగి లేదు, ఆకుపచ్చటి చిలుము పొడి ఉంది. ఎవరో పరీక్ష కోసం సూదితో తొడుగును పొడిచారు. ఆ కంతలోంచి ఉప్పునీరు దిగి, తీగ లోలోపలే పాకింది. చెడినంత మేరా కోసేసి కొత్త తీగ అతికాడు. కారు నాలుగు పక్కలా సమంగా లేచింది. ఒడెట్ అతని బుగ్గ మీద ముద్దు పెట్టింది.

మొదటి వానకే కారును లారీ మీద తీసుకొచ్చారు. ఈసారి రెయినో కంట్రోల్ పెట్టె విప్పాడు. తీగ వెంబడి పాకిన నీరు అక్కడిదాకా చేరింది, లోపలి సర్క్యూట్ పలక మీద కరెంటు పారే రాగి గీతల్ని చిలుము తినేసింది. ఆ పెట్టెలు కొత్తవి ఇప్పుడు తయారు కావడం లేదు. తుక్కు దుకాణాల్లో దొరికినవీ ఈ ఉప్పు రోడ్ల మీద తిరిగినవే, ఇదే రోగంతో పోయినవే.

"తెగిన గీతను టంకంతో కలుపుతాను," అన్నాడు. భూతద్దం పెట్టుకుని, నా వైపు చూడకుండా అన్నాడు: "నా మణికట్టు పట్టుకో."

పట్టుకున్నాను. ఆ వణుకు నా మోచేతిదాకా వచ్చింది. టంకం బొట్టు జారి పక్క గీతను కలిపింది. కడ్డీ మొన తగిలి పలక కాలి, పొగ సన్నగా లేచింది. రెయినో టంకం కడ్డీని స్టాండులో పెట్టి స్విచ్ తీసేశాడు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లి ఒడెట్‌తో అతనే చెప్పాడు. "నా చేతిలోనే పోయిందమ్మా. ఇనుప స్ప్రింగులు వేయొచ్చు, కారు నడుస్తుంది. కానీ వంగదు."

"వంగని కారు మాకెందుకు?" అంది ఆమె, కోపం లేకుండా.

లూసియాన్ కిటికీలోంచి, "ఏడవకు రెయినో. చచ్చినదాన్నే కదా నీకిచ్చాం," అన్నాడు.

మొదటి ఓడ వచ్చింది, వాళ్లు చూడలేదు. వికలాంగుల బస్సు ఆసుపత్రికైతే వస్తుంది, ఓడలు చూపించడానికి రాదు. లారీ మీదే వెనక్కి చేరిన కారు వాళ్ల ఇంటి ముందు పొట్ట నేలకు ఆనించి పడి ఉంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం రెయినో, నేను అటు వెళ్లాం. వాళ్లిద్దరూ ఆ కారులోనే కూర్చుని మాంసం పెట్టి కాల్చిన రొట్టె తింటున్నారు. కారు అంత కిందికి దిగిపోవడంతో లూసియాన్ ఇప్పుడు తేలిగ్గానే ఎక్కగలుగుతున్నాడట.

"రండి, వెనక ఖాళీయే," అని పిలిచాడు. "ఎక్కడికీ పోవడం లేదు, తొందరేం లేదు."

ఎక్కి కూర్చున్నాం. ఒడెట్ ముక్కలు కోసి ఇచ్చింది. రెయినో తన ముక్కను ఒళ్లో పెట్టుకుని, చేతుల్ని మోకాళ్ల మధ్య అదిమి ఉంచాడు.

ఆకులు రాలే కాలంలో లూసియాన్ పోయాడు. కారును తుక్కువాడు లాక్కెళ్లాడు. రెయినో పని మానేశాడు. అప్పుడప్పుడు గ్యారేజీకి వచ్చి గోడవారగా నిలబడేవాడు. నేనేదైనా తీగతో తంటాలు పడుతుంటే చూసేవాడు, అడిగితే చెప్పేవాడు. మీటరు అందిస్తే మాత్రం తీసుకునేవాడు కాదు.