గోరంత ఇత్తడి రేకు

పదమూడేళ్లుగా నేను మోస్తున్న బరువు చిటికెన వేలి గోరంత ఉంటుంది. అదొక ఇత్తడి రేకు. దాన్ని వంచడానికి బలం కూడా అక్కర్లేదు, బొటనవేలితో ఒక్క నొక్కు చాలు. నొక్కింది నేను. ఈ సంగతి మా ఆయనకు తెలియదు, మా అమ్మాయికి తెలియదు. మా అమ్మకు చెబుదాం చెబుదాం అనుకుంటూనే, చెప్పకుండానే ఆమెను కాటికి సాగనంపాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు విప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

నేను మర్పల్లి నుంచి తాండూరుకు కోడలిగా వచ్చేనాటికే మా మామకు చెవులు వినపడవు. బండలు కోసే మిషన్ దగ్గర బతుకంతా నిలబడి పని చేశాడు. ఆ మోతకే పోయాయి. మా ఆయన ఉద్యోగం వికారాబాద్‌లో. అక్కడే ఒక గది తీసుకుని ఉండేవాడు, శనివారం సాయంత్రం రైలుకు వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవాడు. అత్త నా పెళ్లికి ముందే పోయింది. వారమంతా ఇంట్లో ఉండేది నేను, మామ, తర్వాత పుట్టిన మా సుగుణ.

వినపడని మనిషి ఉన్న ఇంట్లో ఒక చెడ్డ అలవాటు పుడుతుంది. మనసులో అనుకోవలసినవి నోటితో అనేస్తాం. మొదట్లో ఊరికే గొణిగేదాన్ని, ఉప్పు అయిపోయిందనీ, నడుము నొప్పి అనీ. ఎవరూ వినరని తెలిశాక నోరు రుచి మరిగింది. మామ కంచంలో జొన్నరొట్టె వేస్తూ, ముఖం నిండా నవ్వుతూ, "మింగు, మింగు, కూసోని మింగుడే కద నీ పని" అనేదాన్ని. నా నవ్వు చూసి ఆయన కూడా నవ్వేవాడు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆయన గయ్యాళి మనిషైతే సరే అనుకోవచ్చు. నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. మరి ఎందుకు అన్నాను? ఒంటరిదాన్ని, అలసిపోయేదాన్ని, పెనిమిటి దగ్గర లేడు, ఇలా ఎన్నైనా చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా, ఏళ్ల తరబడి, ఎవరూ అడగకపోయినా. నిజం ఏమిటంటే, తిరిగి అనలేని మనిషిని తిట్టడం సులువు.

సుగుణ రెండో తరగతిలో ఉండగా మా ఆయన హైదరాబాద్ నుంచి చెవి మిషన్ తెచ్చాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. చొక్కా జేబులో పెట్టుకోవాలి. దాన్నుంచి ఒక సన్నటి తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే గుండీ. డబ్బాలో ఒక చిన్న సెల్లు. మా ఆయన గుండీ మామ చెవిలో పెట్టి మీట తిప్పాడు. సుగుణ ఎదురుగా నిలబడి "తాతా" అంది. మామ ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఏడ్చాడు. మనవరాలి గొంతు ఆయన వినడం అదే మొదటిసారి. అంతకుముందు దాని మాటలు పెదవుల మీద చూసేవాడు, అంతే.

ఆ తర్వాత రోజూ పిల్ల బడి నుంచి రాగానే అరుగు మీద కూర్చోబెట్టుకుని పాఠం చదివించుకునేవాడు. ఒకే పాఠం నాలుగుసార్లు. అది విసుక్కుంటే "ఒక్కపారి, మళ్ల సదువు బిడ్డా" అని గడ్డం పట్టుకునేవాడు. నేను వంటింట్లో నుంచి చూసేదాన్ని. సంతోషించానా? ఆ మొదటి రెండు మూడు రోజులు సంతోషించాననే గుర్తు.

కానీ నా నోరు ఇంకా పాత ఇంట్లోనే ఉంది. నాలుగో రోజో ఐదో రోజో, తినేటప్పుడు, మామ మూడో రొట్టె అడిగాడు. నేను వేస్తూ, ఎప్పటిలాగే నవ్వుతూ, "కడుపా, కందుల బస్తానా" అన్నాను. అన్నాక ఆయన చెవిలోని గుండీ కనబడింది.

ఆయన తల ఎత్తలేదు. తుంచిన ముక్కను కంచంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. మర్నాటి నుంచి రెండు రొట్టెలు తిని లేచిపోయేవాడు. నేను ఇంకొకటి వేయబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

తిట్టి ఉంటే బాగుండేది. కొడుకుతో చెప్పి ఉన్నా, ఏడ్చో కాళ్లు పట్టుకునో ఏదో ఒకటి చేసి ఉండేదాన్ని. శనివారం తండ్రీకొడుకులు మాట్లాడుకుంటున్నంతసేపూ నా చెవి అటే ఉండేది. మామ చెప్పలేదు. ఆ శనివారం చెప్పలేదు, తర్వాతి శనివారమూ చెప్పలేదు. దాంతో నాకు ఆయన మీద కోపం వచ్చింది. చూశారా, తప్పు నాది, కోపం ఆయన మీద. ఆ డబ్బా ఆయన జేబులో ఉన్నంతసేపు నా ఇంట్లో నేను దొంగలా తిరిగాను. గిన్నె పెడితే భయం, దగ్గితే భయం. ఇన్నాళ్లూ ఆయన ఎన్ని మాటలు నా పెదవుల మీద చదివి ఉంటాడో అన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది. పిల్ల పెదవులు చదివిన మనిషి నా పెదవులు చదవలేడా? ఆ ఆలోచనను అక్కడే తొక్కేశాను.

నెలన్నర గడిచింది. వానలు పట్టాయి. ఒక పొద్దున మిషన్ పలకలేదు.

మామ దాన్ని నా దగ్గరికే తెచ్చాడు. ఇంట్లో ఏది చెడిపోయినా చూసేది నేనే. స్టవ్వు మండకపోయినా, టార్చిలైటు వెలగకపోయినా విప్పి, తుడిచి, బిగించేదాన్ని. "నీ చెయ్యి మంచిది బిడ్డా. జర సూడు" అన్నాడు.

సుగుణ బడికి పోయింది. మామ అరుగు మీద కూర్చున్నాడు. నేను వంటింటి కిటికీ దగ్గర వెలుతురులో ఆ డబ్బా విప్పాను. ముందు కొత్త సెల్లు వేసి చూశాను. పలకలేదు. సెల్లు తిరగేసి చూశాను. తీగ ఎక్కడైనా తెగిందేమోనని మొదటి నుంచి చివరి దాకా వేళ్లతో వంచి చూశాను. గుండీ ఊడదీసి గుడ్డతో తుడిచాను. మీట పదిసార్లు అటూ ఇటూ తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు టార్చిలైటు గుర్తొచ్చింది. సెల్లు చివర ఆనే చోట చిన్న ఇత్తడి రేకు ఉంది. దాని మీద పచ్చగా చిలుము. చెమ్మకు పట్టింది, అంతే రోగం. మామ పనిముట్ల పెట్టెలో బండలు నునుపు చేసే గరుకు కాగితం ఉండేది. ఒక ముక్క చింపి రేకును రుద్దాను. మెరిసింది. సెల్లు వేసి, గుండీ నా చెవిలో పెట్టుకున్నాను.

కుయ్యిమని ఒక కూత. తర్వాత ఇల్లంతా నా చెవిలోకి వచ్చి పడింది. చూరు నీళ్లు, నా ఊపిరి, నా చీర రాపిడి. గాజులు కదిలితే గిన్నెలు కింద పడ్డట్టు చప్పుడు. నాకేం తోచిందో, ఎప్పుడూ గొణిగే గొంతుతోనే, మెల్లగా, "కందుల బస్తా" అన్నాను. ఎవరో నా ముఖం మీద అరిచినట్టు వినపడింది.

అంటే ఆయనకు అలా వినపడింది. నాకు జాలి వేయాలి కదా ఆ క్షణం? సిగ్గు వేయాలి కదా? మిమ్మల్ని కాదు, నన్నే అడుగుతున్నాను, పదమూడేళ్లుగా అడుగుతున్నాను. వేయలేదు. భయం వేసింది. మళ్లీ ఆ డబ్బా ఆయన జేబులోకి పోతే నేను మళ్లీ నోరు కట్టుకుని బతకాలి.

నా బొటనవేలు దానంతట అదే కదిలిందని రాయబోయాను. అబద్ధం. ఆలోచించే చేశాను. సెల్లు తీశాను. రేకును సెల్లుకు ఆనకుండా లోపలికి నొక్కి వంచాను. సెల్లు మళ్లీ వేసి, మీట తిప్పి, పలకడం లేదని రూఢి చేసుకున్నాకే మూత పెట్టాను. ఎంత జాగ్రత్తగా బాగుచేశానో అంత జాగ్రత్తగా చెడగొట్టాను.

అరుగు మీదికి వెళ్లి డబ్బా ఆయన చేతిలో పెట్టి, తల అడ్డంగా ఊపాను.

"రాలేదా బిడ్డా?"

"లోపల ఏదో కాలిపోయినట్టున్నది మామా" అని చేతులు తిప్పుతూ గట్టిగా చెప్పాను.

ఆయన నా పెదవుల వైపు చూశాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు. నా వేళ్లకు ఇంకా ఆ పచ్చటి పొడి అంటుకునే ఉంది. నేను చూసుకోలేదు, సాయంత్రం బియ్యం కడుగుతుంటే చూశాను.

"పోనీ తియ్యి. నీకు ఉత్తగ పరేషాన్" అన్నాడు.

శనివారం మా ఆయన వచ్చాడు. డబ్బాను ఊపి చూశాడు, ఆదివారం కాసింత ఎండ వస్తే ఎండలో పెట్టాడు, రేడియోలు బాగుచేసే అతనికి చూపిస్తానన్నాడు. మామ ఇవ్వలేదు. ఆ చప్పుడు తనకు పడటం లేదని చెప్పి, జేబు దస్తీలో చుట్టి తన సందూక పెట్టెలో పెట్టుకున్నాడు. నాకు బతికి బయటపడ్డట్టయింది. ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇది సగం ఒప్పుకోలే. నెల తిరక్కుండానే మళ్లీ గొణగడం మొదలుపెట్టాను. మునుపటంత కాదు. కానీ మొదలుపెట్టాను. రేకు వంచింది భయంతో అని చెప్పుకోవచ్చు. దీనికి ఏం చెప్పుకోను?

ఆయన మాత్రం మూడో రొట్టె మళ్లీ అడగలేదు. పెద్దతనం, అరగడం లేదు కాబోలు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు వీలుగా ఉంది. రెండేళ్ల తర్వాత ఒక చలికాలం నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. మిషన్‌ను మా ఆయన కొడంగల్‌లో ఉండే, చెవులు వినపడని బంధువు ఒకాయనకు ఇచ్చేశాడు, బాగుచేయించుకుంటే పనికొస్తుందని. అది గడప దాటుతుంటే పీడ వదిలిందనుకున్నాను. ఆ తర్వాత మేమూ తాండూరు ఇల్లు ఖాళీ చేసి వికారాబాద్ వచ్చేశాం.

ఇంతవరకే అయితే నేను ఈ కాగితం పట్టేదాన్ని కాదేమో. మోసుకుంటూ పోయేదాన్ని, అలవాటైన బరువే కదా.

మొన్న వానల్లో మా ట్రాన్సిస్టర్ పలకలేదు. ఇప్పుడు సుగుణ కాలేజీకి వెళ్తోంది. ట్రాన్సిస్టర్‌ను ముందు వేసుకుని వెనక మూత విప్పింది. సెల్లులు తీసి, గరుకు కాగితం ముక్కతో లోపలి రేకులు రుద్దడం మొదలుపెట్టింది. నేను చేటలో కందిపప్పు ఏరుతున్నాను. నేనెప్పుడూ దానికి ఆ పని చూపించలేదు.

"గిది నీకెవరు నేర్పిన్రే?" అన్నాను.

"తాత" అంది, తల ఎత్తకుండానే. "తాత చెవి మిషన్ గిట్లనే బాగుచేసిండు. లోపల రేకు వంగి ఉండె. సూదితోని లేపి, కాగితంతోని రుద్దిండు. డబ్బ నేనే పట్టుకున్న."

"ఎప్పుడు?"

"ఖరాబైనంక కొన్ని దినాలకే. నువ్వు నల్లా కాడికి నీళ్లకు పోయినప్పుడు పెట్టుకునెటోడు. నేను పాఠం సదివితే వినెటోడు. వాకిట్ల నీ గాజుల చప్పుడు వినంగనె తీసి దస్తీల చుట్టెటోడు. మాకది ఒక ఆటమ్మా" అని నవ్వింది.

"నాకెందుకు చెప్పలే?"

"అమ్మకు చెప్తే మిషన్ మళ్ల ఖరాబైతదన్నడు."

అది మూత బిగించి మీట తిప్పింది. ట్రాన్సిస్టర్ పలికింది. నేను పప్పు ఏరుతూనే ఉన్నాను. రాయి ఏదో పప్పు ఏదో తెలియడం లేదు. "ఏమైందమ్మా?" అంది. "కండ్లల్ల పొట్టు పడ్డది" అన్నాను. మరో అబద్ధం.

ఆయన నా చేతుల వైపు ఎందుకు చూశాడో అప్పుడు అర్థమైంది. బతుకంతా రాయీ ఇనుమూ పట్టుకున్న మనిషికి చిలుము పొడి చూస్తే, నేను రేకు దాకా వెళ్లానని తెలియదా? తెలిసీ కొడుక్కు చెప్పలేదు. నా పరువు నిలబెట్టడానికి అనుకుంటే కొంచెం ఊపిరి ఆడుతుంది. కానీ నాకు భయపడి అయితే? పిల్ల గొంతు వినే ఆ కాస్త సుఖం కూడా నేను లాగేసుకుంటానని భయపడి అయితే? ఆ మిషన్‌తోనే నేను వస్తున్న చప్పుడు విని, వెంటనే తన చెవులు తానే మూసుకున్నాడు. రెండేళ్లు. నా ఇంట్లో నేను దొంగలా తిరిగానని పైన రాశాను. కొట్టివేద్దామనుకుని ఉంచేశాను. దొంగలా తిరిగింది ఆయన, తన సొంత ఇంట్లో.

సుగుణకు చెప్పాలి. దానికి అదొక ఆటగా మిగిలింది. చెబితే ఆ ఆట కూడా పోతుంది కదా అని ఆగుతున్నాను. ఇది దాని మీద ప్రేమా, నా పాత పిరికితనమేనా? నాకు తేలలేదు. పిరికితనమే అయి ఉంటుంది. మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. క్షమించే హక్కున్న మనిషి ఒక్కడే, ఆయన మూడో రొట్టె అడగకుండానే పోయాడు.

ఇది రాయడం మొదలుపెట్టే ముందు తలుపు దగ్గరికి వేశాను. సుగుణ కాలేజీకి పోయింది, మా ఆయన ఆఫీసుకు పోయాడు. ఖాళీ ఇంట్లో గోడ వైపు తిరిగి, "మామా, రేకు వంచింది నేనే" అన్నాను. గొణగలేదు. గట్టిగానే అన్నాను.