ఉద్దానంలో కాకి ఎంగిలి

దాలమ్మ ఫోను చేయకపోతే ఈ ప్రయాణమే లేదు. దాలమ్మ నా మేనమామ కూతురు. ఉద్దానంలో వజ్రపుకొత్తూరు వైపు, సముద్రానికి దగ్గరి పల్లెలో జీడితోటల మధ్య, పుట్టింట్లోనే కాపురం.

"బావా, కోడలు పిల్ల గౌరి మాత్రలు మానీసింది. గర్భసంచిలో టీబీ ఉంది, అందుకే పిల్లలు పుట్టలేదని టెక్కలి డాక్టరమ్మ సెప్పింది. నువ్వు సదువుకున్నోడివి, వచ్చి ఓ మాట సెప్పు" అంది.

నేను చదువుకున్నవాణ్ణి కాను, చదువును బీరువాల్లో సర్దినవాణ్ణి. విశాఖలో ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. ఈమధ్య ఒక ప్రొఫెసరుగారి కోసం నేను పోగుచేస్తున్న వ్యాసాలు మాత్రం సరిగ్గా ఈ జబ్బు మీదే.

పొద్దున్నే పలాస పాసింజరు ఎక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది. హరిశ్చంద్రపురం దాటాక కాగితాలు తీస్తే, ఎదురుగా ఎండుచేపల బుట్టతో కూర్చున్న పెద్దావిడ అడిగింది.

"ఏటి బాబూ సదువుతన్నావు?"

"పరిశోధన ధోరణులమ్మా."

"తోరణాలా? ఎవులి పెళ్లి?"

"పెళ్లి కాదు, పెళ్లయ్యాక పిల్లలు పుట్టకపోవడం గురించి."

"అయితే తోరణాలు కట్టకముందే సదవాల" అని తేల్చేసింది.

ఆ కాగితాల్లో నాకు అర్థమైనంత ఇదీ. దగ్గు లేకుండా, జ్వరం తెలియకుండా, క్షయ గర్భసంచిలోనూ ట్యూబుల్లోనూ నక్కి ఉండగలదు. పిల్లలు పుట్టలేదని పరీక్షలకు వెళితేనే చాలామందికి బయటపడుతుంది. పాత వ్యాసాలు జరిగిపోయిన నష్టాన్ని వర్ణించేవి. ఇప్పటివి నష్టానికి ముందే పట్టుకునే దారి వెతుకుతున్నాయి, ఒక్క పరీక్షనే నమ్మక రెండు మూడు కలిపి చూడమంటున్నాయి. చివరి వాక్యం మాత్రం అన్నిటికీ ఒకటే: మరింత పరిశోధన అవసరం.

నౌపడ ఉప్పుమడులు దాటాక పలాస. దిగగానే వేగుతున్న జీడిపిక్కల వాసన. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఈ వాసన తగిలిందంటే, బయట మేనమామ సైకిలుతో నిలబడి ఉన్నట్టే. ఇప్పుడు దాలమ్మ కొడుకు రాజు మోటారుసైకిలుతో నిలబడ్డాడు. కాశీబుగ్గలో పంచరు షాపు అతనిది. స్టేషను బయట ఇడ్లీ తింటుంటే అన్నాడు: "గౌరికి ట్యూబులు మూసుకుపోనాయంట పెదనాన్నా. బతుకంతా ట్యూబులతోనే. ఈ ట్యూబుకి మాత్రం నా కాడ అతుకు లేదు." ఇడ్లీ ఆకు మడిచి పారేసి బండి తీశాడు.

దారిపొడవునా తుపాను తర్వాత మళ్లీ నాటిన కొబ్బరి మొక్కలు. నా చిన్నప్పటి చెట్లు ఆకాశంలో ఉండేవి. ఇవి నా భుజం దాటి కొంచెమే ఎదిగాయి.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. "ఈ ఊళ్లో జబ్బంటే కిడ్నీయే గదా బావా. టీబీ అన్నారని బతికినాం అనుకున్నాం" అంటూ దాలమ్మ అన్నం వడ్డించింది. మా కంచాలు వరసగా ఉన్నాయి. గౌరి కంచం ఒక్కటే దూరంగా, గడప అవతల. అంచున ఎర్ర గోళ్లరంగు చుక్క. గ్లాసుకూ చుక్కే, నీళ్ల సీసాకూ చుక్కే.

"మాత్రలెందుకు మానేశావమ్మా?" అన్నాను.

గౌరి తలెత్తలేదు. "మింగితే జబ్బున్నట్టే గదా మావయ్యా. మానీత్తే లేనట్టు. అప్పుడైనా నా కంచం మీ కంచాల్లో కలిపీత్తారని."

"నానేటి, దానికి తిండి తక్కువ సేసినానా? దగ్గు అంటుకుంటాదని గదా" అంది దాలమ్మ.

"ఊపిరితిత్తుల్లో లేదని డాక్టరమ్మే చూసి చెప్పింది. గర్భసంచి దగ్గదు దాలమ్మా. ఎంగిలితో అంటుకునే జబ్బు కాదిది. సగంలో మందు మానితేనే మొండికేస్తుంది."

"నీ కాగితాలకేటి, అవి మా ఇంట్లో అన్నం తింటాయా?"

గౌరి మెల్లగా అడిగింది. "మింగితే బిడ్డ పుడతాదా మావయ్యా?"

"జబ్బు పోతుంది. బిడ్డ సంగతి ట్యూబులు ఎంత పాడయ్యాయన్నదాన్ని బట్టి. మాటివ్వలేనమ్మా." వ్యాసాల చివరి వాక్యం నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ పిల్ల మాత్రల కంటే చేదుగానే దిగింది.

భోజనాలయ్యాక గౌరి జీడిపండు కొరుకుతూ పెరటి గుమ్మంలో నిలబడింది. ఆ పులుపు వాసనకి నా వయసు పదేళ్లకు క్షయించింది. ఒకప్పుడు ఇదే పెరట్లో ఒకే పండు ఇద్దరికి. దాలమ్మ పరికిణీ అంచు పండు మీద కప్పి కొరికి నాకిచ్చేది. గుడ్డ అడ్డం ఉంటే ఎంగిలి కాదు, కాకి ఎంగిలి. పెద్దవాళ్లకు చెప్పడానికి అదే మా శాస్త్రం.

గౌరి చేతిలో పండు తీసుకున్నాను. చొక్కా అంచు కప్పి కసుక్కున కొరికాను.

"బావా! జీడిమరక సచ్చినా పోదు!"

"ఎంగిలి కాదులే, కాకి ఎంగిలి."

దాలమ్మకు నవ్వాగలేదు, నవ్వి నవ్వి దగ్గు వచ్చింది.

"ఈ ఇంట్లో దగ్గేది నువ్వొక్కదానివే" అన్నాను.

కళ్లు తుడుచుకుని, పండు నా చేతిలోంచి లాక్కుంది. కాసేపు దాన్నే చూసింది. పమిట అంచు కప్పి, కొరికింది.

మర్నాడు పొద్దున టెక్కలి మీదుగా వెళ్లే బస్సులో ముగ్గురం ఎక్కాం. ఆపేసిన మాత్రలు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో డాక్టరమ్మను అడగడానికి వాళ్లిద్దరూ, ఇంటికి నేను. ఎండ ముదిరింది. దాలమ్మ గౌరి సంచిలోంచి నీళ్ల సీసా లాగింది. చుక్క ఉన్న సీసాయే.

"అది నాదత్తా" అంది గౌరి.

దాలమ్మ పమిట అడ్డం పెట్టలేదు. మూతి ఆనించి గటగటా తాగింది. "ఏటలా సూత్తన్నావు? దాహమేసింది" అని సీసా తిరిగి ఇచ్చింది. గౌరి కూడా తాగింది.

టెక్కలిలో ఇద్దరూ దిగారు. బస్సు కదిలాక చూసుకుంటే చొక్కా అంచున మరక ముదురు రంగుకు తిరుగుతోంది. ఆ వైపు వెళ్లేవారికి నా సలహా ఒకటే: జీడిపళ్ల కాలంలోనే వెళ్లండి, పాత చొక్కా వేసుకుని వెళ్లండి.