మంచిగున్నది

కరీంనగర్‌లో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసిన రోజుల్లో మా డాక్టరమ్మకు ఒక అలవాటు ఉండేది. రొమ్ము క్యాన్సర్ గడ్డ నుంచి కోసిన పలుచటి ముక్కకు ఎర్రరంగు పట్టించి ఇచ్చేవాణ్ని. ఆమె మైక్రోస్కోపులో కింద ఒకటి, పైన ఒకటి వెలుగును వడగట్టే పోలరైజర్ బిళ్లలు పెట్టి, పైదాన్ని మెల్లగా తిప్పేవారు. అంతా చీకటైపోయి, గడ్డ చుట్టూ ఉన్న కొలాజెన్ పోగులు మాత్రం ఎర్రగా, పచ్చగా ధగధగలాడేవి.

"అబ్బ, ఎంత మంచిగున్నదో! జర వచ్చి చూడు" అని గట్టిగా పిలిచేవారు.

ఆ పోగులు గడ్డ నుంచి బయటికి బారులు తీరి ఉంటే రోగం వాటి వెంబడే పాకుతుందేమోనని ఆమె అనుమానం. చూడముచ్చటగా ఉన్నవే ఆమెను ఎక్కువ భయపెట్టేవి.

ఒకరోజు లక్సెట్టిపేట నుంచి వచ్చిన ఒక పెద్దామె రిపోర్టు కోసం తలుపు బయట బెంచీ మీద కూర్చుంది. లోపల మైక్రోస్కోపు కింద ఉన్నది ఆ పెద్దామె స్లయిడే. డాక్టరమ్మ ఎప్పటిలాగే పిలిచారు. నేను లేచేలోపే తలుపు తెరుచుకుంది.

"మంచిగున్నదా తల్లీ? నా ఫికరంత పోయింది. సల్లగుండు" అంటూ పెద్దామె డాక్టరమ్మ చేతులు రెండూ కళ్లకద్దుకుంది. సంచి తీసుకుని బస్సుకు బయల్దేరబోయింది.

"జర కూసో అవ్వా" అన్నారు డాక్టరమ్మ. అసలు సంగతి చెప్పడానికి చాలాసేపు పట్టింది.

పెద్దామె అంతా విని, "మరి మంచిగున్నదంటివి గద తల్లీ?" అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత స్లయిడు ఎంత మెరిసినా డాక్టరమ్మ నోట ఆ మాట రాలేదు. మధ్యాహ్నం డబ్బాలో కూర ఎట్లున్నదని అడిగినా, "ఉన్నది" అనేవారు.