లైల్ బ్రాంట్లీకి దొరికిన ఒక్క పేజీ

లైల్ బ్రాంట్లీ అంటే మీకెవరికీ తెలియదు. మొహం మాత్రం చూసే ఉంటారు. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి, తలమీది టోపీ తీసి, "మేం చెయ్యగలిగిందంతా చేశామమ్మా" అని తల దించుకునే డాక్టరు లేడూ, ఆయనే. కోర్టులో "అందరూ లేవండి" అని అరిచి గోడ పక్కన నిలబడే బంట్రోతూ ఆయనే. దొంగలు బ్యాంకులోకి రాగానే మొదటి తూటాకే పడిపోయే కాపలావాడు, విమానంలో కిటికీ పక్కన నిద్రపోయే లావుపాటి మనిషి, కడుపుమంట మాత్ర మింగి పెళ్ళాం వైపు చూసి నవ్వే మొగుడు, అందరూ ఆయనే. నలభై ఏళ్ళకు పైగా ఇదే బతుకు. కాఫీ దుకాణంలో ఎవరో ఒకరు ఆగి, "మిమ్మల్నెక్కడో చూశానండీ, మా పళ్ళ డాక్టరు గారు కదూ?" అని అడిగేవారు. లైల్ కాదనేవాడు కాదు. "రాత్రిళ్ళు కూడా తోముకుంటున్నారా?" అని ఎదురడిగేవాడు.

నా పేరు ఫ్రాన్సీన్. నాదీ అదే వృత్తి. నర్సు, పక్కింటి వాగుడుకాయ, చర్చిలో రెండో వరసలో ఏడ్చే ముసలమ్మ, ఇవీ నా వేషాలు. నార్త్ హాలీవుడ్‌లో, నీళ్ళు లేని ఈతకొలను చుట్టూ కట్టిన పాత వాటాల్లో ఉంటాం. ఆయన కింద, నేను పైన. అడగబోయేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను, మా మధ్య ఏమీ లేదు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఉండబోయి ఆగిపోయింది, అంతే.

లైల్‌ది నెబ్రాస్కా. తండ్రికి పశువుల దాణా కొట్టుండేది. బళ్ళో నాటకం వేసినప్పుడు ఒక పొడుగాటి ముక్క చెబితే జనం కదలకుండా విన్నారట. ఆ నిశ్శబ్దం తలకెక్కింది మనవాడికి. బస్సెక్కి వచ్చేశాడు. వచ్చాక ఎవరూ రెండు వాక్యాలకు మించి ఇవ్వలేదు. ఒకసారి పోలీసుల సీరియల్లో పక్కింటాయన వేషం దొరికింది. కొత్త సోఫా కొన్నాడు కూడా. చలికాలం రాకముందే ఆ సీరియల్ ఆపేశారు. పెళ్ళాం జోలీన్ ఆ సోఫామీదే కూర్చుని, "నువ్వు నాతో మాట్లాడుతూ కూడా ఫోను వంకే చూస్తావు లైల్, నేనిక ఉండలేను" అని వెళ్ళిపోయింది. ఆవిడ అన్నది అబద్ధం కాదు, వేషానికి పిలుపొస్తుందేమోనని ఎప్పుడూ ఆ ఫోను వంకే చూసేవాడు.

ఆయనకున్న పిచ్చల్లా మాటలు బట్టీ పట్టడం. "అందరూ లేవండి" అన్న ముక్కకి కూడా నన్ను కూర్చోబెట్టి సాధన చేసేవాడు.

"అందరూ... లేవండి. ఎలా ఉంది?"

"లేచాను, ఇక పోతున్నాను. పొయ్యిమీద పులుసు మాడిపోతోంది."

"నీకు కళ అంటే గౌరవం లేదు ఫ్రానీ."

"ఉంది. ఆకలి అంటే ఇంకా ఎక్కువ గౌరవం."

అలా తిట్టుకుంటూనే రోజూ కూర్చునేదాన్ని. ఎదుటివాళ్ళ మాటలు నేను అందించడం, ఆయన జవాబు చెప్పడం. మధ్యలో జీళ్ళపాకంలాంటి తీపి డోనట్లు, చేదు కాఫీ.

రెండేళ్ళ కిందట మాటలు జారిపోవడం మొదలైంది. మొదట పేర్లు, తర్వాత వీధులు. ఒకరోజు సూపర్ మార్కెట్ ముందు కారు పెట్టి, ఎక్కడ పెట్టాడో తెలియక నడిచి ఇంటికొచ్చాడు. నేనే బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ డాక్టరు నిజం డాక్టరు. టోపీ లేదు, తల దించుకోలేదు. ఇది తగ్గేది కాదు, ముదిరేదే అని మామూలుగా చెప్పేశాడు. బయటికొచ్చాక లైల్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవరికీ చెప్పకు. గిల్‌కి అస్సలు చెప్పకు."

గిల్ ఆయనకి వేషాలు చూసిపెట్టే ఏజెంటు. మాటలు గుర్తుండని నటుణ్ణి ఈ ఊళ్ళో ఎవరూ పిలవరు. ఒక్కసారి ఆ మాట పొక్కిందా, ఫోను చచ్చినట్టే.

"ఇప్పుడు మాత్రం పిలుస్తున్నారా ఏంటి?" అన్నాను, ఉక్రోషంతో.

"పిలుస్తారు. ఒక్కసారి, ఫ్రానీ. ఒక్క పేజీ. కెమెరా నా మొహం మీదుండగా, ఎవరూ అడ్డం రాకుండా, ఒక్క పేజీ మాట్లాడాలి. ఆ తర్వాత నా పేరు నేను మరిచిపోయినా ఫర్లేదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన బెదురుతాడని తిట్టాను.

పిలిచారు, నమ్మండి! ఆసుపత్రి కథ సీరియల్లో, చావు మంచం మీదున్న తండ్రి వేషం. చాలా ఏళ్ళుగా కొడుకుతో మాటల్లేవు. ఆఖర్న కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ నిండా మాట్లాడతాడు. గిల్ ఫోను పెట్టెయ్యగానే లైల్ మెట్లెక్కి వచ్చి నా తలుపు బాదాడు. ఆ మోకాళ్ళతో ఆ మెట్లెలా ఎక్కాడో దేవుడికే తెలియాలి.

"నీ పెళ్ళికి నేనొచ్చాను. కారు దిగలేదు. రోడ్డు అవతల ఆపుకుని, అద్దం దించుకుని కూర్చున్నాను." అలా మొదలవుతుంది ఆ పేజీ. బాగా రాశారు, ఎందుకు కాదనాలి. చదవడం అయ్యాక మళ్ళీ మొదటికొచ్చి ఇంకోసారి చదివాను.

కానీ మా దగ్గర ఒక తంతుంది. కథలో మాటలు మారుస్తూనే ఉంటారు. మారిన పేజీలు రంగు కాయితాల మీద వస్తాయి. మొదటిది తెలుపు, తర్వాత నీలం, ఆ తర్వాత గులాబీ. అందుకే పండిన నటులెవరూ తెల్ల కాయితాన్ని గట్టిగా బట్టీ పట్టరు. పైపైన చూసుకుని, షూటింగ్ దగ్గర పడ్డాక బిగిస్తారు. నిన్న మొన్న వచ్చిన పిల్లలే తెల్ల కాయితాన్ని వేదంలా వల్లించి, రంగు కాయితం రాగానే కళ్ళు తేలేస్తారు. లైల్‌కి ఇది తెలియక కాదు.

"వద్దు లైల్, ఇంకా నెల్లాళ్ళుంది. మారుస్తారు."

"మార్చరు. ఇది బాగుంది."

"బాగున్నవే ముందు మారుస్తారు. నీకు కొత్తా?"

"ఫ్రానీ, నాకు తలకెక్కాలంటే నెల్లాళ్ళు పడుతుంది. ఆఖరి రోజున ఎక్కదు. నేనేం చెయ్యను చెప్పు?"

రోజూ పొద్దున్నే దిగి వెళ్ళేదాన్ని. కొడుకు మాట నేను అందించేదాన్ని. మొదట్లో మూడు ముక్కలు చెప్పి నిలిచిపోయేవాడు. పళ్ళు తోముకుంటూ, బట్టలు ఉతుకుతూ అదే వల్లించేవాడు. ఒకరోజు నన్ను పట్టుకుని జోలీన్ అన్నాడు, కానీ పేజీలో ఒక్క మాట తప్పలేదు. షూటింగ్ నాటికి ఆ పేజీ ఆయన ఎముకల్లోకి దిగిపోయింది. చెప్తుంటే నేను నటినని మరిచిపోయి నోరు తెరుచుకుని వినేదాన్ని. దొరికింది ఈయనకి, ఆఖరికి దొరికింది అనుకున్నాను.

షూటింగ్‌కి నేనే కారులో తీసుకెళ్ళాను. మొహానికి రంగు వేస్తుండగా ఎవరో వచ్చి కాయితం చేతిలో పెట్టి పోయారు. గులాబీ రంగు.

పెద్ద మార్పేం కాదు, వాళ్ళ లెక్కన. వెనకెప్పుడో ఒక భాగంలో ఆ కొడుక్కి పెళ్ళి కాలేదని చెప్పేశారట, ఎవరికో ఇప్పుడు గుర్తొచ్చింది. అందుకని పెళ్ళి తీసేసి కొడుకు ఆడే బంతాట పెట్టారు. "నువ్వు ఆడిన ఆఖరి ఆటకి నేనొచ్చాను. పై వరసలో కూర్చున్నాను. టోపీ కిందికి లాక్కున్నాను." పేజీ అంతా అలాగే, పోలికే గాని అది కాదు. అసలు కొత్త కథైనా బాగుండేది, పాతదానితో కలగాపులగం అయ్యేది కాదు.

మొదటి టేక్. "నీ పెళ్ళికి నేనొచ్చాను" అన్నాడు లైల్. ఎంత బాగా అన్నాడనుకున్నారు! డైరెక్టరు మెరెడిత్ నెమ్మదస్తురాలే. "ఆటండీ, పెళ్ళి కాదు. మరేం ఫర్లేదు, మళ్ళీ చేద్దాం" అంది.

మళ్ళీ చేశారు. "నీ ఆఖరి ఆటకి నేనొచ్చాను. కారు దిగలేదు..."

మళ్ళీ. "నీ పెళ్ళికి నేను పై వరసలో..."

లైట్ల కింద ఆయన మొహం మీద చెమట పట్టింది. కొడుకు వేషం వేసిన కుర్రాడు మంచివాడు, ప్రతిసారీ కళ్ళలో నీళ్ళు తెచ్చుకుంటున్నాడు పాపం, అవి వృథాగా పోతున్నాయి. అట్టల మీద పెద్దక్షరాలతో రాసి పట్టుకున్నారు. ఆ తండ్రికి కళ్ళజోడు లేదు, లైల్‌కి అది లేకపోతే కనపడదు. చివరికి చెవిలో బుల్లి యంత్రం పెట్టి, నన్ను మూలన కూర్చోబెట్టి, మీరు అందించండి అన్నారు. అందించాను. నాలుగు వాక్యాలు చక్కగా చెప్పాడు. ఐదో దాని దగ్గర ఆయన ఊపిరి అందక తడబడటం చూసి, నా నోరు ఊరుకోక, "కంగారు పడకు బంగారం, నేనిక్కడే ఉన్నాను" అన్నాను మెల్లగా.

"కంగారు పడకు బంగారం," అన్నాడు లైల్ ఆ కుర్రాడి కళ్ళలోకి చూస్తూ, "నేనిక్కడే ఉన్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. వాడెవడో దొరికి ఉంటే ఆ రోజు నా చేతుల్లో అయిపోయేవాడు. తప్పు చెప్పినట్టు లైల్‌కి తెలియనేలేదు. తర్వాతి మాట కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాడు, బుద్ధిమంతుడిలా.

మెరెడిత్ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. "ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"ఏది ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను మొండిగా.

ఆవిడ రెట్టించలేదు. భోజనాల వేళకి పేజీ మళ్ళీ మారింది. మాటలన్నీ కొడుక్కి ఇచ్చేశారు. "నాన్నా, నా ఆటకి నువ్వొచ్చావని నాకు తెలుసు. పై వరసలో కూర్చున్నావు. టోపీ కిందికి లాక్కున్నావు." తండ్రి వింటాడు. అంతే. "మీరేం చెప్పక్కర్లేదు లైల్ గారూ, ఊరికే వినండి" అంది మెరెడిత్. లైల్ నావైపు తిరిగాడు.

"నా పేజీ ఏది ఫ్రానీ?"

"మార్చారు లైల్."

"నాకొచ్చుగా! చెప్పు వీళ్ళకి. మొత్తం వచ్చు నాకు."

"వచ్చని వాళ్ళకి తెలుసు."

ఒక్క టేక్‌లో అయిపోయింది. కెమెరా ఆయన మొహం మీదే ఉంది, అడిగినట్టే. ఆ కుర్రాడు మాట్లాడుతుంటే లైల్ అతని పెదాల వంక చూస్తున్నాడు, అందులో తన మాటలేమైనా ఉన్నాయేమోనని వెతుకుతున్నట్టు. నోరు కొంచెం కదిలింది, ఆగింది. చాలాసేపటి వరకు ఎవరూ కట్ చెప్పలేదు.

అది టీవీలో వచ్చిన మర్నాటి నుంచి ఫోను ఆగలేదు. నలభై ఏళ్ళు ఆయన మొహం చూసి పళ్ళ డాక్టరనుకున్న ఊరు, ఒక్కసారిగా పేరు అడిగింది. ఎక్కడ దాచారయ్యా ఈయన్ని, ఆ చూపేంటి, ఆ కళ్ళేంటి, ఒక్క మాట లేకుండా ఎంత చెప్పాడు అని. నాతో చదువుకున్న ఒకావిడైతే, "ఏం నటన ఫ్రాన్! పేరు కూడా మరిచిపోయినవాడిలా ఎలా చేశాడు?" అంది. ఫోను విసిరికొట్టాలనిపించింది. నటన కాదు మహాతల్లీ అని అరవాలనిపించింది. అరవలేదు. థాంక్స్ చెబుతానన్నాను.

గిల్ స్వయంగా ఇంటికొచ్చాడు, అది కూడా పూల గుత్తితో. సినిమా అట, పెద్ద సినిమా. మతిపోయిన ముసలాయన వేషం, మొదటి నుంచి చివరి దాకా.

"మాటలెన్ని?" అన్నాడు లైల్.

"అదే కదా దీని గొప్ప! ఒక్కటీ లేదు. నీకోసమే తీసేయించారు."

లైల్ తల ఊపాడు. పూలు ఒళ్ళో పెట్టుకున్నాడు. గిల్ వెళ్ళిపోయాక నన్నడిగాడు, "మాటల్లేవంట. అయితే రేపట్నుంచి నువ్వు రావన్నమాట."

"ఎందుకు రాను? మొగుడొద్దంటాడా, పిల్లలేడుస్తారా? వస్తాను" అన్నాను.

మర్నాడు పొద్దున్నే తెల్ల కాయితం తీసుకుని దిగాను. ఇంకెవరూ షూట్ చెయ్యని పేజీ అది. పోనీ ఆ గదిలోనైనా చెప్పనీ, నేనైనా వింటాను అనుకున్నాను. లైల్ తలదువ్వుకుని, చొక్కా మార్చుకుని, సోఫా అంచున నిటారుగా కూర్చుని ఉన్నాడు, పనికి బయల్దేరినవాడిలా. నేను ఎదురుగా కూర్చుని కొడుకు మాట అందించాను.

"ఇన్నేళ్ళూ ఎక్కడున్నావు నాన్నా?"

లైల్ ఊపిరి తీసుకున్నాడు. గడ్డం ఎత్తాడు. పెదాలు తడుపుకున్నాడు. గోడ అవతల ఎవరో కుళాయి తిప్పారు, కట్టేశారు.

"లైన్," అన్నాడు. మాట తట్టకపోతే అందించమని అడగడానికి మేమనే మాట అది. సిగ్గుపడకుండా, వేషం విడవకుండా, ఉన్నచోటి నుంచే అడగాలి. అలాగే అడిగాడు.

"నీ పెళ్ళికి నేనొచ్చాను," అని అందించాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. చాలా బాగుందన్నట్టు తల ఊపాడు.

"లైన్," అన్నాడు.

"కారు దిగలేదు. రోడ్డు అవతల ఆపుకుని..."

"లైన్."

పేజీ చివరిదాకా నేనే చదివాను. ఆయన ప్రతిసారీ సరిగ్గా ఆగవలసిన చోటే ఆగి అడిగాడు.