మా అమ్మ త్యాగం చెయ్యలేదు

మా నాన్న నవలలు రాసేవాడు. జగ్గయ్యపేటలో ఆయన్ని ఎరిగినవాళ్ళు కొందరు తత్వవేత్త అనేవాళ్ళు, ఎక్కువమంది తిక్క మనిషి అనేవాళ్ళు. రెండూ ఆయనకి ఇష్టమే. "పదిమందీ మంచివాడన్నారంటే ఆ పదిమందికీ లొంగాడన్నమాట" అని నవ్వేవాడు.

ఆయన నమ్మింది చాలా తేలికైన సంగతి. మనిషి తన కోసం తాను బతకాలి. ఊరి కోసం, కులం కోసం, దేవుడి కోసం, ఆఖరికి కన్నవాళ్ళ కోసమైనా తన బతుకుని తాకట్టు పెట్టకూడదు. త్యాగం అన్న మాట వింటే ఆయన మొహం ఎర్రబడేది. "ఎవడన్నా నిన్ను త్యాగం చెయ్యమన్నాడంటే, దాని ఫలం ఎవడింటికి చేరుతుందో ముందు చూసుకో" అనేవాడు. ఆ మాట ఇప్పటికీ నాకు తప్పనిపించదు. నా కోపం దాని మీద కాదు.

ఆ నమ్మకం కోసం ఆయన ఏమీ పోగొట్టుకోలేదనీ అనను. పేరు చివర కులం తీసేసుకున్నాడు. గుడి చందాకి వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేశాడు. ఒక పార్టీవాళ్ళు కండువా కప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. దాంతో చుట్టాలు పెళ్ళిళ్ళకి పిలవడం తగ్గించారు. మా చేలోకి దారి తన పొలంలోంచే కాబట్టి పక్క రైతు ఒక ఏడు ఆ దారికి కంప కొట్టేశాడు. నాన్న వంగలేదు. వెళ్ళి ఎవరినీ బతిమాలలేదు.

బతిమాలింది అమ్మ. రెండు మూడు సార్లు ఆ రైతు ఇంటికి వెళ్ళి, వాళ్ళావిడతో కూర్చుని మాట్లాడి, కంప తీయించింది. నాన్నకి ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆ ఆదివారం తన చుట్టూ చేరిన శిష్యులతో, "ఒక్కణ్ణే నిలబడ్డా. వాళ్ళే దిగొచ్చారు" అన్నాడు. పక్క గదిలో కాఫీలు కలుపుతున్న అమ్మ ఆ మాట విన్నది. కాఫీలు తెచ్చి ఇచ్చింది.

ఆయనకి పేరు తెచ్చిన నవలలో ఒక కుర్రాడు ఊరందరినీ కాదని రాతినేలలో ఒంటరిగా బావి తవ్వుతాడు. ఊరు నవ్వుతుంది, భయపెడుతుంది, వెలివేస్తుంది. అతను తవ్వుతూనే ఉంటాడు. చివరికి నీళ్ళు పడతాయి. మెట్టప్రాంతంలో పుట్టినవాళ్ళెవరూ ఆ చివరి పేజీలు ఒక్కసారి చదివి ఊరుకోలేరు. నేను హైస్కూల్లో ఉండగా మొదటిసారి చదివి, వెళ్ళి నాన్నని అడిగాను.

"నాన్నా, మరి అన్ని నెలలు అతనికి అన్నం ఎవరు పెట్టారు?"

నాన్న నవ్వాడు. "అన్నం సంగతి నవల్లో ఎందుకే?"

"అతనే వండుకున్నాడా?"

"వెళ్ళి చదువుకో" అన్నాడు. ఆ గొంతులో ఇక నవ్వు లేదు.

మా ఇంట్లో అన్నం అమ్మ వండేది. అది అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. కానీ అంతటితో ఆగలేదు. మిరప నారు పోయించడం, పత్తి తీతకి కూలీలని మాట్లాడటం, కల్లంలో కాయలు ఎండేసి వానొస్తే పట్టాలు కప్పించడం, అన్నీ అమ్మే చూసుకునేది. ఆదివారాలు కోదాడ నుంచి, ఖమ్మం నుంచి, కంచికచర్ల నుంచి శిష్యులు వచ్చేవాళ్ళు. అంతమందికీ భోజనాలు. నాన్న చేతిరాత ఎవరికీ అర్థమయ్యేది కాదు కాబట్టి ప్రతి నవలా అమ్మ తిరగరాస్తేనే ప్రెస్సుకి వెళ్ళేది. స్వేచ్ఛ గురించి ఆయన రాసిన ప్రతి వాక్యమూ ఆవిడ చేతిమీదుగానే బయటికి వెళ్ళింది. ఒక్క పుస్తకంలోనూ ఆవిడ పేరు లేదు. ఒకదాని ముందుమాటలో మాత్రం, "ఈ పుస్తకానికి నేను ఎవరికీ రుణపడి లేను" అని ఉంది. ఆ ముక్క కూడా అమ్మే తిరగరాసింది.

నేను విజయవాడలో బీఈడీ చదువుతున్న ఏడాది, నందిగామలో ఒక ఆడపిల్లల కాలేజీ హాస్టల్‌కి వార్డెన్ కావాలని అమ్మకి తెలిసింది. పెళ్ళికి ముందు ఇంటర్ పాసైంది, పెళ్ళయ్యాక నాన్నకి చెప్పకుండానే ప్రైవేటుగా బీఏ కట్టి గట్టెక్కింది. వెళ్ళి మాట్లాడి వచ్చింది. తీసుకుంటామన్నారు. అక్కడే ఉండాలి. ఆ మాట నాన్నకి చెప్పినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను.

"ఇప్పుడు నీకు ఉద్యోగం ఎందుకు? ఇక్కడ ఏం తక్కువైంది?" అన్నాడు నాన్న.

"తక్కువై కాదండీ. నాకు చెయ్యాలనుంది."

"ఇల్లెవరు చూస్తారు? నా రాత ఏం కావాలి?"

అమ్మ వెటకారం అనేదే లేకుండా, నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది. "తనకి కావాల్సింది తను చెయ్యకపోతే మనిషి సగం చచ్చినట్టే అని మీరే కదండీ రాశారు?"

"నవల వేరు, సంసారం వేరు" అన్నాడు నాన్న.

ఇన్నేళ్ళయినా ఆ మాట తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. రాసిందీ బతికిందీ ఒకటి కానివాణ్ణి నమ్మొద్దని ఊళ్ళో పంతుళ్ళనీ, నాయకులనీ, తోటి రచయితలనీ చీల్చి చెండాడిన మనిషి. సభల్లో ఎవరెవరి జీవితాలో తవ్వి పోసిన మనిషి. తన గుమ్మం దాకా వచ్చేసరికి ఆ మాట అనడానికి ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

ఆ సోమవారం పొద్దున్నే అమ్మ బట్టలు సర్దుకుని, కూర వండి మూతపెట్టి, నందిగామ బస్సెక్కింది.

తర్వాత నాన్న చేసింది నేను కలలో కూడా అనుకోలేదు. పెద్దమనుషుల్ని పిలిచాడు. కంచికచర్లలో ఉండే మా మేనమామని, వరసకి తనకి బాబాయి అయ్యే ఒక పెద్దాయన్ని కబురుపెట్టి రప్పించాడు. ఆ పెద్దాయన కులసంఘంలో మనిషి. పాతికేళ్ళుగా నాన్న ఆయన్ని ఎద్దేవా చెయ్యని రోజు లేదు. ఒక నవలలో ఆయన మీసాన్నీ, ఆయన దగ్గునీ దించేసి మరీ ఒక దుర్మార్గుడి పాత్ర రాశాడు. ఆ మనిషినే మా హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అమ్మ నందిగామ నుంచి వచ్చింది. నేను విజయవాడ నుంచి వచ్చాను.

"ఏమ్మా, ఆయనంటే పుస్తకాల మనిషి. నువ్వన్నా సర్దుకుపోవాలి గదా" అని మొదలుపెట్టాడు పెద్దాయన. "ఈ వయసులో ఆడమనిషి ఇల్లొదిలి హాస్టల్లో ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?"

నలుగురూ ఏమనుకుంటారు! నాన్న నవలలు చదివిన ఎవరినైనా అడగండి. ఆ మాట ప్రతి నవలలోనూ ఉంటుంది. ప్రతిసారీ విలనే అంటాడు. నేను నాన్న వైపు చూశాను. ఆయన తల ఊపుతున్నాడు.

ఆగలేకపోయాను. "నాన్నా, ఆ మాట నీ నవలల్లో ఎవరంటారో గుర్తుందా?"

"నువ్వు ఊరుకో. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు" అన్నాడు.

మా మేనమామ తల దించుకున్నాడు. ఆయన పుస్తకాలు చదివే మనిషి కాదు, కానీ ఇక్కడేదో తిరగబడిందని ఆయనకీ తెలిసింది. "చెల్లెమ్మా, నీకేం కావాలో నువ్వే చెప్పు" అన్నాడు మెల్లగా.

"నేను ఈయన్ని వదిలెయ్యట్లేదు అన్నయ్యా. ఉద్యోగానికి వెళ్తున్నా. నందిగామ ఎంత దూరం, గంట కూడా పట్టదు. ఈయన రావచ్చు, నేనూ వస్తా. కానీ అది మానేసి ఇట్టా మనుషుల్ని కూర్చోబెట్టి అడిగించడం బాగోలేదు." పెద్దాయన వైపు తిరిగి, "కాఫీ తాగండి మామయ్యగారూ, చల్లారిపోద్ది" అంది. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

నాన్న నందిగామ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అమ్మ నెలకోసారి వచ్చి చూసి వెళ్ళేది. వంటకి ఒకావిణ్ణి పెట్టుకున్నాడు. శిష్యుల్లో ఒకరు ఆయన చెబుతుంటే రాసుకుని డీటీపీ చేయించి పెట్టారు. రెండేళ్ళకి ఇంకో నవల వచ్చింది. అందులో ఒక గొప్ప ఆలోచనాపరుడి భార్య అతని ఎత్తుని తట్టుకోలేక, మందలో మనిషిగా బతకడమే సుఖమని అతన్ని వదిలి వెళ్ళిపోతుంది. అతను ఒంటరిగా కొండెక్కుతాడు. ఆ నవలని నేను బస్సులో కూర్చుని చదివి, కీసర వంతెన దాటుతుంటే కిటికీలోంచి మునేరు నదిలోకి విసిరేద్దామనుకున్నాను. పక్కనావిడ ఏమైందమ్మా అని అడిగింది. ఏం చెప్పను? ఆ పుస్తకానికి ఎంత మంది ఏడ్చారో, ఎంత మంది ఆయనకి ఫోన్లు చేసి ఓదార్చారో నాకు తెలుసు. ఆ ఫోన్లు చేసినవాళ్ళలో సగం మంది మా అమ్మ చేతి అన్నం తిన్నవాళ్ళే.

అమ్మ కూడా చదివింది. "బాగా రాశారు. చివర కొంచెం సాగింది" అంది. ఎప్పటిలాగే రెండు అచ్చుతప్పులు చూపించింది.

ఆఖరి రోజుల్లో నాన్నకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. శిష్యులు వచ్చి చూసి, ఫోటోలు తీసుకుని వెళ్ళారు. అమ్మ సెలవు పెట్టి వచ్చి దగ్గరుంది. ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే ఆయన అడిగాడు. ఆయాసంలో కూడా ఆ గొంతులో పాత పదును పోలేదు.

"ఏంటిది, త్యాగమా?"

"కాదండీ. రావాలనిపించింది, వచ్చా. అనిపించకపోతే వచ్చేదాన్ని కాదు."

నాన్న చాలాసేపు ఆవిడనే చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. క్షమించమంటాడని కాదు, అది ఆయన వల్ల కాదని నాకు తెలుసు. కనీసం, నా మాటని నాకంటే నువ్వే బాగా అర్థం చేసుకున్నావని అయినా అంటాడనుకున్నాను. అనలేదు. గ్లాసు అందుకుని మిగతా జావ తనే తాగాడు. ఆ నెల దాటలేదు.

ఏడాదికి శిష్యులు నందిగామలో ఒక ఫంక్షన్ హాల్లో సంస్మరణ సభ పెట్టారు. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ. 'ఎవరి అండా లేకుండా బతికిన ఏకాకి యోధుడు' అని దాని మీద. వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు ఆయన నిబ్బరం గురించీ, తెగువ గురించీ మాట్లాడారు. కులసంఘం పెద్దాయన కొడుకు వచ్చి, ఆయన మావాడని చెప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నాడు. ఒక్కరూ అడ్డుచెప్పలేదు. నాన్న బతికుంటే మైకు లాక్కునేవాడు. ఆ ఒక్కసారికి నేను ఆయన పక్షమే.

చివర్లో సభ నడిపిస్తున్న రిటైర్డ్ లెక్చరర్ అమ్మని వేదిక మీదకి పిలిచాడు. ఆయన మా ఇంట్లో తిన్న ఆదివారాలకి లెక్కలేదు. "ఆ మహావృక్షానికి నీరు పోసి, తన జీవితాన్నే సమర్పించిన త్యాగమూర్తి..." అంటూ శాలువా విప్పాడు.

అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అచ్చం ఆ రోజు నాన్న కండువాకి అడ్డం పెట్టినట్టే. కాకపోతే ఆవిడ మొహంలో కోపం లేదు.

"ఒకసారి మైకిస్తారా అండీ?" అని తీసుకుంది. "త్యాగమూర్తి అనొద్దండి. ఆ మాట ఆయనకీ పడదు, నాకూ పడదు. నాకిష్టమై కొంత చేశా, ఇష్టం లేకుండా కూడా కొంత చేశా, ఇష్టంలేంది చాలా ఆలస్యంగా మానుకున్నా. ఆఖరిది తప్ప ఆయన పుస్తకాలన్నీ తిరగరాసింది నేనే. అది త్యాగం కాదు, పని. ఆ పని నేను చేశానని చెప్పండి, చాలు. ఇక్కడే ఈ ఊళ్ళో వార్డెన్‌గా చేస్తున్నా, అది కూడా చెప్పండి."

వెనక కూర్చున్న హాస్టల్ అమ్మాయిలు మాత్రం చప్పట్లు కొట్టారు. లెక్చరర్ గారు మైకు తీసుకుని, "అమ్మగారి వినయం చూడండి" అన్నాడు. వినయమట! "ఫోటో కోసమన్నా కప్పుకోండమ్మా" అని మళ్ళీ శాలువా చాపాడు. అమ్మ మెట్లు దిగి వచ్చేసింది.

మర్నాడు జిల్లా పేజీలో వార్త వచ్చింది. త్యాగమూర్తి అయిన సతీమణి భావోద్వేగంతో మాట్లాడలేకపోయారని రాశారు. నేను ఆ విలేకరికి ఫోన్ చేశాను.

"మీరు హాల్లోనే ఉన్నారు కదండీ. అమ్మ అంత స్పష్టంగా మాట్లాడితే మాట్లాడలేకపోయారని ఎట్లా రాస్తారు?"

"పోయినాయన సభ కదా మేడం, అట్టా రాస్తే బాగోదని" అన్నాడు. అతని గొంతులో చెడ్డతనమేమీ లేదు. నన్ను అదే ఎక్కువ మండించింది. అందరూ మంచివాళ్ళే, అందరూ బాగోదనే చేస్తారు.

సాయంత్రం హాస్టల్‌కి వెళ్ళాను. అమ్మ నీళ్ళ మోటారు బాగుచెయ్యడానికి వచ్చినతనితో మాట్లాడుతోంది. పేపరు చూపించాను. చదివి, "నేను ఏడ్చానంటన్నారా?" అని నవ్వి, మళ్ళీ మోటారు దగ్గరికి వెళ్ళింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు శిష్యులు ఆయన మీద ఒక సంచిక వేస్తున్నారు. కూతురిగా నాలుగు పేజీలు రాయమన్నారు. ఇదంతా రాసి పంపాను. నాన్న తెగువ గురించి రాసిన భాగం వేసుకుంటామనీ, మిగతాది కుటుంబ విషయం కాబట్టి చోటు సరిపోదనీ చెప్పారు. వేస్తే మొత్తం వెయ్యండి, లేకపోతే ఏదీ వద్దని చెప్పాను. వాళ్ళకి కోపమొచ్చింది. నేను కూడా నాన్నలాగే మొండిదాన్నట. అవును, అందులో మాత్రం నేను ఆయన కూతుర్నే.